సద్ది నుంచి స్టడీ అవర్ దాకా

రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి మూతపెడితే తెల్లారేసరికి పులిసి చద్దన్నమవుతుంది. ఉల్లిపాయో, పచ్చిమిర్చో, ఆవకాయ బద్దో ఉంటే ఆ పూట గడిచిపోయినట్టే. పోతన భాగవతంలో కృష్ణుడూ గోపబాలురూ యమున ఒడ్డున గుంపుగా కూర్చుని ఆరగించింది చల్దులే. పశువుల వెంట పోయే పిల్లలు కదా, మూట కట్టుకెళ్లారు. పల్లెల్లో మొన్నమొన్నటిదాకా పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల పొద్దు ఇలాగే సాగేది. ముందు కొట్టంలో పేడ ఎత్తడం, బావి నుంచి నీళ్లు మోయడం, ఆ తర్వాతే తిండి. రాయలసీమలో అది రాత్రి సంకటి ముద్ద, తెలంగాణలో జొన్న గట్కో అంబలో, కోస్తాలో తరవాణి అన్నం.

పొద్దున్నే పొయ్యి వెలిగించి వేడిగా వండిపెట్టడం అన్ని ఇళ్లలోనూ జరిగే పని కాదు. ఇడ్లీ పాతదే, సుమారు 920 నాటి కన్నడ ‘వడ్డారాధనె’లోనే దాని ప్రస్తావన ఉంది. అయితే పాతదైనంత మాత్రాన రోజూ తినేదని అనుకోకూడదు. పప్పు నానబోయాలి, రోట్లో రుబ్బాలి, రాత్రంతా పులియనివ్వాలి. ఇంత శ్రమ పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో తప్ప ఎవరు పడతారు? దాన్ని రోజువారీ తిండిగా మార్చినవి పట్నాల్లోని ఉడిపి హోటళ్లు, ఆ తర్వాత వంటింట్లో చేరిన గ్రైండర్లు. అంతకుముందు పట్నంలో గుమాస్తాలూ బడిపిల్లలూ తొమ్మిదిన్నరకల్లా పప్పూ కూరా పులుసుతో భోజనమే చేసి బయల్దేరేవారు. టిఫిన్ సంగతి సాయంత్రానికి.

ఆ రోజుల్లో పిల్లల బరువు గురించి ఎవరికైనా బెంగ ఉందంటే, అది బక్కచిక్కిపోతున్నారన్న బెంగే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు ఒక చిన్న పరిశోధనశాల మొదలుపెట్టాడు. భారతదేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనాన్ని ఎలుకలకు పెట్టి తూచి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలతో సిక్కుల తిండి తిన్న ఎలుకలు అన్నిటికన్నా ముందు నిలిచాయి. మిల్లు బియ్యం మీద ఆధారపడ్డ ‘మద్రాసీ’ తిండి తిన్నవి అట్టడుగున మిగిలాయి. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అప్పట్లో కోస్తా, సీమ కూడా. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఆకలితో ఉన్న పిల్లవాడికి పాఠం ఎక్కదన్న ఆలోచన 1920లో మద్రాసు కార్పొరేషన్‌కు వచ్చింది. పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు టిఫిన్ మొదలైంది. ప్రాథమిక విద్య నిధులు తిండికి ఖర్చుపెట్టడానికి వీల్లేదని వలస ప్రభుత్వం అడ్డుపడటంతో అది కొన్నేళ్లకే ఆగిపోయింది.

తెలుగువాళ్ల పొద్దుటి తిండిని ఎవరూ అనుకోకుండా మలుపు తిప్పింది 1983. ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. జొన్న, కొర్ర, రాగి తిని బతికిన మెట్ట ఊళ్లలో వరన్నం అంతస్తుకు గుర్తు. అది చౌకగా దొరుకుతుంటే ఎవరు కాదంటారు? కాదనాల్సిందని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని చెప్పడం ఆ ఆకలిని ఎరగనివాళ్లకే చెల్లుతుంది. మొత్తానికి సంకటి, గట్క కంచంలోంచి తప్పుకున్నాయి. వేరుశనగ, పత్తి ఆ చేలను ఆక్రమించాయి.

మూడేళ్లకు, 1986లో, ఇంజనీరింగ్, మెడిసిన్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ వచ్చింది. దాని నీడలో ఇంటర్ కాలేజీలు, హాస్టళ్లు పుట్టుకొచ్చాయి. పశువుల కొట్టానికి వెళ్లే వయసు పిల్లలు ఇప్పుడు అదే వేళకు స్టడీ అవర్లో కూర్చుంటున్నారు. ఆటస్థలం లేని అపార్ట్‌మెంట్లే కాలేజీలు. టిఫిన్‌కు ఇచ్చే కాస్త వ్యవధిలో వరుసలో నిలబడి ఉప్మా తినేబదులు నిద్రకో, మిగిలిన లెక్కకో ఆ సమయాన్ని వాడుకునే పిల్లలు బోలెడుమంది. సాయంత్రం గేటు బయట పఫ్, నూడుల్స్, మంచూరియా, కూల్‌డ్రింకు ఎటూ ఉన్నాయి. ఇదంతా చూసి పిల్లలకు బద్ధకం అనేస్తారు పెద్దలు. టైంటేబుల్ రాసింది పిల్లలు కాదు.

మరి టిఫిన్ మానేస్తే లావెక్కుతారా? టిఫిన్ ఎగ్గొట్టే పిల్లల్లో బరువు ఎక్కువగా ఉంటోందని చాలా దేశాల సర్వేలు చెబుతున్నాయి. కానీ అలాంటి పిల్లలకు నిద్ర తక్కువ, కదలిక తక్కువ, చిరుతిళ్లు ఎక్కువ. ఏది కారణమో విడదీయడం కష్టం. పెద్దవాళ్ల మీద జరిగిన 13 ప్రయోగాలను ఆస్ట్రేలియా మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో గుదిగుచ్చి చూస్తే, పొద్దున తిన్నవాళ్లే దాదాపు అరకిలో ఎక్కువ బరువున్నారు. పెరిగే పిల్లలకు దీన్ని యథాతథంగా అంటగట్టకూడదు. అలాగని టిఫిన్ ఒక్కటే మందు అనీ అనలేం.

పాత బెంగ కూడా పోలేదు. 2016-18 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10-19 ఏళ్ల పిల్లల్లో 24 శాతం బక్కపలచగా ఉన్నారు, అధిక బరువున్నవాళ్లు 5 శాతమే. వయసు కాస్త పెరిగాక లెక్క తారుమారవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లను తీసుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం అధిక బరువుతో తేలారు.

కంచంలోంచి తప్పుకున్న రాగి నలభై ఏళ్లకు బడి గేటులోంచి వచ్చింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు. అదే ఏడాది అక్టోబరులో తెలంగాణ పదో తరగతి దాకా అల్పాహార పథకం ప్రారంభించింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ భోజనం వచ్చింది, అయితే అది మధ్యాహ్నం. ప్రైవేటు హాస్టళ్లలో మాత్రం టిఫిన్‌కు ఎన్ని నిమిషాలన్నది ఇప్పటికీ యాజమాన్యాల ఇష్టమే.