రైలు ఆగని స్టేషన్

1976 మార్చి 27న వాషింగ్టన్‌లో మెట్రో మొదలైంది. ఆ రోజు టికెట్ లేదు, జనం బారులు తీరారు. ఫరాగట్ నార్త్ నుంచి రోడ్ ఐలాండ్ అవెన్యూ దాకా ఏడు కిలోమీటర్ల పైచిలుకు దారి. రైలు ఐదు స్టేషన్లలో ఆగింది. మెట్రో సెంటర్ దాటాక వచ్చే గ్యాలరీ ప్లేస్‌లో మాత్రం ఆగకుండా వెళ్లిపోయింది. లిఫ్ట్ లేనిదే స్టేషన్ తెరవకూడదని కోర్టు ఆదేశం.

నేను ఈ ఊళ్లో ఉద్యోగం చేస్తాను. రోజూ ఆ స్టేషన్ మీదుగానే వెళ్తాను. గుంటూరు నుంచి అమ్మ వచ్చి, వీల్‌చెయిర్‌లో కూర్చుని ఎస్కలేటర్ వైపు చూస్తూ "ఇంత లోతుకి నన్నెట్టా దింపుతావే?" అని అడిగేదాకా ఇక్కడ లిఫ్టులు ఎలా వచ్చాయన్న ఆలోచనే నాకు రాలేదు.

వాటిని ఎవరూ జాలిపడి ఇవ్వలేదు. ప్రభుత్వ సొమ్ముతో కట్టే భవనాల్లోకి వికలాంగులు వెళ్లగలిగేలా ఉండాలని 1968లోనే చట్టం వచ్చింది. అది ఈ మెట్రోకీ వర్తిస్తుందని 1970లో అమెరికా కాంగ్రెస్ సవరణతో స్పష్టం చేసింది. అప్పటికే, 1969 డిసెంబరులో, తవ్వకం మొదలైపోయింది. చట్టం ఉన్నా, డబ్బేదన్న ప్రశ్న దగ్గరే లిఫ్టుల పని ఆగింది. చివరికి వాషింగ్టన్ అర్బన్ లీగ్, పక్షవాతానికి గురైన మాజీ సైనికుల సంఘం కలిసి కోర్టుకెక్కాయి. 1973లో జడ్జి విలియం జోన్స్ వాళ్ల పక్షాన తీర్పిచ్చారు. ఈ పోరాటంలో ముందు నిలిచిన రిచర్డ్ హెడ్డింజర్ కూడా వీల్‌చెయిర్‌లో తిరిగే మనిషే.

నాకు ఆ తీర్పులో నచ్చింది దాని మొండితనం. 'ముందు తెరుద్దాం, లిఫ్ట్ తర్వాత పెడదాం' అన్న మాటకు అది తావివ్వలేదు. ఊరి నడిబొడ్డున, లిఫ్ట్ తప్ప అన్ని హంగులతో కట్టిన గ్యాలరీ ప్లేస్ స్టేషన్ నెలల తరబడి మూతపడి ఉంది. 1976 డిసెంబరు 15న గాని తెరుచుకోలేదు. లిఫ్ట్ లేకపోవడం వల్ల కొందరికి రోజూ ఎదురయ్యే ఇబ్బంది ఆ నెలల్లో ఊరందరికీ ఎదురైంది. అంత గట్టిగా పట్టుబట్టకపోతే 'తర్వాత' అన్నది ఎప్పటికీ వచ్చేది కాదని నా నమ్మకం.

అవసరమైనవి లిఫ్టులొక్కటే కాదు. రైలు వస్తోందని ప్లాట్‌ఫారం అంచున మిణుకుమిణుకుమనే దీపాలు చెవులు వినపడనివారికి మేలు. అదే అంచున బొడిపెల పలకలు వేయడం గురించి 1990లలో చాలా వాదన నడిచింది. చూపులేనివారి సంఘాల్లోనే ఒకటి కావాలంది, మరొకటి వద్దంది. నేనైతే వేయడమే న్యాయమంటాను. అంచు ఎక్కడుందో పాదానికి తెలియాలి.

మొదటి నమూనాల్లో లేని లిఫ్టులను తర్వాత ఇరికించారు కాబట్టి పాత స్టేషన్లలో చాలావాటికి వీధి నుంచి కిందికి ఒక్కటే లిఫ్ట్. అదీ కొన్నిచోట్ల ఎస్కలేటర్లకు దూరంగా, రోడ్డు అవతల ఉంటుంది. అది పాడైతే వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లు మరో స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. అందుకే అమ్మతో బయల్దేరే ముందు ఫోన్‌లో ఏ లిఫ్టులు పనిచేయడం లేదో చూస్తాను. మేం దిగాల్సిన స్టేషన్ పేరు అందులో ఉంటే ఆమె తల దువ్వుకోవడం ఆపేసి, "పోనీలే, రేపు చూద్దాం" అంటుంది. ప్రతి స్టేషన్‌కీ రెండో లిఫ్ట్ కావాలని నేను ఇప్పుడు అధికారులకు రాస్తున్నాను.