ముందు వెళ్ళినవాడు ఏంజెలో ఫెర్రారో

ఇటలీలో నేపుల్స్ అఖాతానికి దక్షిణపు అంచున కాప్రి ద్వీపం ఉంది. దాని వాయవ్య తీరంలో సున్నపురాతి కొండ నిటారుగా సముద్రంలోకి దిగే చోట, నీటిమట్టానికి మీటరు ఎత్తున ఒక కంత కనిపిస్తుంది. గ్రోట్టా అజ్జుర్రా, అంటే నీలి గుహకు దారి అదే. కంత దగ్గరికి రాగానే మా పడవాయన అందరినీ వెల్లకిలా పడుకోమన్నాడు. తెడ్లు లోపలికి తీసి, రాతికి బిగించిన గొలుసు పట్టుకుని అల తగ్గేదాకా ఆగాడు. తగ్గిన మరుక్షణం ఒక్క గుంజు గుంజి, తానూ మా మీదికి వాలిపోయాడు. పైకి లేచే అల మీద గుంజి ఉంటే తలలు రాతికి తగిలేవి. ఆ మనిషి అల లెక్క చూస్తుంటే, ఈ గుహ చరిత్రలో అసలు పెద్దమనిషి ఎవరన్నది నాకు స్పష్టమైంది.

పుస్తకాలు చెప్పే పేరు ఆగస్ట్ కోపిష్. జర్మన్ కవి, చిత్రకారుడు. 1826 ఆగస్టులో స్నేహితుడు ఎర్న్‌స్ట్ ఫ్రీస్‌తో కాప్రి వచ్చి, పగానో అనే ఆయన సత్రంలో దిగాడు. ఊరివాళ్ళకు ఆ కంత తెలియక కాదు. గ్రాదోలా అని పిలిచేవారు. లోపల దయ్యాలున్నాయని జాలరులు అటు పడవ తిప్పేవారు కాదు. కోపిష్ మంచి ఈతగాడు, చూసి తీరాలన్నాడు. పగానో సరేనన్నాడు. ఏంజెలో ఫెర్రారో అనే జాలరి వాళ్ళకు తోడు వచ్చాడు.

ఆ రోజు జరిగింది కోపిష్ స్వయంగా రాసిపెట్టాడు. ఒక తొట్టిలో ఫెర్రారో కూర్చుని, తారు మండుతున్న మరో చిన్న తొట్టిని ముందుకు తోసుకుంటూ చీకట్లోకి వెళ్ళాడు. మిగతావాళ్ళు ఆ మంట వెలుగులో అతని వెనకాల ఈదారు. కాసేపటికి చుట్టూ నీళ్ళు నీలంగా వెలగడం చూసి కోపిష్ హడలిపోయాడు. దయ్యాలున్నాయని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగిన ఫెర్రారో మాత్రం నిప్పు చేతబట్టుకుని అందరికంటే ముందున్నాడు. ఎవరి ధైర్యం పెద్దదో వేరే చెప్పాలా?

కోపిష్ ఈ సంగతంతా పగానో సత్రం అతిథుల పుస్తకంలో రాశాడు. అది చదివి వచ్చిన ప్రతి యాత్రికుడూ గుహ చూపించమన్నాడు. 1835లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ తన నవలలోకి ఈ గుహను తెచ్చాడు. 1838లో కోపిష్ వ్యాసం అచ్చయింది. అంతకు ముందు చేపలతో బతికిన తీరంలో మనుషుల్ని గుహలోకి దాటించే కొత్త వృత్తి పుట్టింది.

నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ని కాబట్టి ఆ నీలం గురించి చెప్పకుండా ఉండలేను. మనం దూరే కంత కింద, నీటిలోపల, ఇంకా పెద్ద ద్వారం ఒకటి ఉంది. ఎండ ఎక్కువగా దానిగుండానే వస్తుంది. నీళ్ళు ఎరుపును త్వరగా మింగేస్తాయి, నీలం మిగిలి పైకి లేస్తుంది. అందుకే లోపల వెలుగు కప్పు నుంచి కాక అడుగు నుంచి వస్తున్నట్టుంటుంది. నీళ్ళలో చెయ్యి పెడితే వెండిలా మెరిసింది. చర్మానికి పట్టిన సన్నటి గాలిబుడగలే అందుకు కారణం. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా చెప్పి వదిలేసే సంగతి కళ్ళెదుట అంత నిండుగా కనబడితే గొంతు పట్టేసింది.

కోపిష్ కంటే పద్దెనిమిది శతాబ్దాల ముందే రోమన్లు ఇక్కడికి వచ్చారు. గుహ పైన వాళ్ళ భవనపు శిథిలాలున్నాయి. చక్రవర్తి టైబీరియస్ క్రీ.శ. 27 నుంచి తన చివరి ఏళ్ళు ఎక్కువగా కాప్రిలోనే గడిపాడు. 1964లో గుహ అడుగున నెప్ట్యూన్, ట్రైటన్ వంటి సముద్ర దేవతల పాలరాతి విగ్రహాలు దొరికాయి. ఇప్పుడవి అనకాప్రిలో కాసా రోస్సా మ్యూజియంలో ఉన్నాయి. ఆ కాలంలో ఈ తీరాన సముద్రం ఇంతకంటే కిందికి ఉండేది. తర్వాత నేల కుంగింది, నీరు ఎక్కింది. ద్వారం మునిగినకొద్దీ నీలం చిక్కబడి ఉంటుందని నా అంచనా. రోమన్లు చూసిన గుహకు ఇంత రంగు ఉండి ఉండదు.

ఇవాళ్టికీ మోటారు బోట్లు గుమ్మం దాకానే. లోపలికి తీసుకెళ్ళేది తెడ్ల పడవే. పడవకు నలుగురికి మించి ఎక్కించరు, లోపల ఐదు నిమిషాలు దాటనివ్వరు. అల పెద్దదైతే దారి మూసేస్తారు, ఎంత దూరం నుంచి వచ్చినవాళ్ళయినా వెనుదిరగాల్సిందే. ఆ నిర్ణయం తీసుకునేది నీటిని చదవగలిగినవాళ్ళు.

కాప్రి వెళ్ళే తెలుగువాళ్ళకు ఒక మనవి. ఎండ నీళ్ళలోకి బాగా దిగే మధ్యాహ్నం వేళ వెళ్ళండి. పడవాయన పడుకోమంటే ఫోన్లు పక్కన పెట్టి పడుకోండి. మీ పిల్లలకు ఈ గుహ కథ చెప్పేటప్పుడు కోపిష్ పేరు కంటే ముందు ఏంజెలో ఫెర్రారో పేరు చెప్పండి.