తొమ్మిది పిన్నుల సాకెట్: లారీ స్కానర్ వెనక బేరాల చరిత్ర

అమెరికా రోడ్ల మీద తిరిగే పెద్ద లారీల్లో చాలావాటికి డ్యాష్‌బోర్డు కింద, డ్రైవర్ కాళ్ల దగ్గర, తొమ్మిది పిన్నుల గుండ్రటి సాకెట్ ఒకటి ఉంటుంది. స్కానర్ తగిలించేది దానికే. లారీ కెన్‌వర్త్‌దైనా ఫ్రైట్‌లైనర్‌దైనా, ఇంజిన్ కమిన్స్ చేసినా డెట్రాయిట్ చేసినా, ఊరి చివరి షెడ్డులోని మెకానిక్ ఒకే అడాప్టర్‌తో దాని లోపాల కోడ్‌లు చదవగలడు. అదే సాకెట్ జాన్ డీర్ ట్రాక్టర్లలోనూ ఉంది. తీగల్లో సంకేతాలు నడిచే పద్ధతి కూడా దాదాపు అదే. అయినా ట్రాక్టర్ దగ్గరికి వచ్చేసరికి అదే మెకానిక్ చేతులెత్తేసి, డీలరుకు ఫోన్ చేసుకోమని చెప్పాల్సిన పరిస్థితి ఏళ్ల తరబడి సాగింది. ఈ తేడాకు కారణం సాంకేతికతలో వెతికితే దొరకదు, కంపెనీల మంచితనంలో అసలే దొరకదు. బండిని ఎంతమంది కలిసి తయారుచేశారు, కొనేవాడికి బేరమాడే బలం ఎంత ఉంది అన్న రెండు సంగతుల్లో దొరుకుతుంది. ఏ స్కానర్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్‌కు ఏటా చందా కట్టాలి అని ఇవాళ షెడ్డు యజమానులు తలపట్టుకుంటున్న ప్రశ్నకు సగం జవాబు నలభై ఏళ్ల కిందటి ఆ బేరాల్లోనే ఉంది.

1927లో జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ డీజిల్ ఇంజెక్షన్ పంపుల ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కణ్నుంచి దాదాపు అరవై ఏళ్లు ఇంజిన్ జబ్బు కనిపెట్టడమంటే పొగ రంగు చూడటం, నాజిల్ విప్పి టెస్టర్ మీద పెట్టి స్ప్రే ఎలా పడుతోందో చూడటం, పంపును బెంచి మీదికి ఎక్కించి కాలిబ్రేషన్ చేయడం. మన దేశంలో 1951లో మైకో కంపెనీ మొదలయ్యాక పంపు, నాజిల్ అంటే మైకో అన్న పేరు స్థిరపడింది. ఆ కాలాన్ని మెకానిక్‌కు పూర్తి స్వేచ్ఛ ఉన్న రోజులుగా తలుచుకోవడం ఇప్పుడు అలవాటైంది గానీ, అది సగమే నిజం. తాళం అప్పుడూ ఉంది. గవర్నర్ స్క్రూకు తీగ చుట్టి సీసపు సీలు వేసేవారు. పంపును ఎంతకు సెట్ చేయాలో చెప్పే అంకెలు కంపెనీ చార్టుల్లో ఉండేవి. కాకపోతే సీసపు సీలును కటింగ్ ప్లయర్ తెంపేస్తుంది. దాని వెనకున్న ప్లంజరు, స్ప్రింగు కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. పది పంపులు విప్పినవాడికి పదకొండోది అదే అర్థమవుతుంది. తాళం ఉన్నా అది జ్ఞానానికి అడ్డుపడలేదు.

దీన్ని మార్చింది గాలి కాలుష్యం మీద వచ్చిన చట్టం. అమెరికాలో పెద్ద డీజిల్ ఇంజిన్ వదిలే మసికి 1988లో అశ్వశక్తి-గంటకు 0.60 గ్రాముల పరిమితి పెట్టారు. 1991లో దాన్ని 0.25కు, 1994లో 0.10కు దించారు. స్ప్రింగులతో, బరువులతో నడిచే గవర్నర్‌కు ఇంత సన్నటి లెక్క సాధ్యం కాదు. ఎంత ఇంధనం, ఏ క్షణాన చిమ్మాలో కంప్యూటర్ నిర్ణయించాల్సి వచ్చింది. డెట్రాయిట్ డీజిల్ కంపెనీ 1980ల నడుమనే తన డీడెక్ వ్యవస్థతో ముందు దిగింది. క్యాటర్‌పిల్లర్ 1987లో తన 3406బి ఇంజిన్‌కు ఎలక్ట్రానిక్ నియంత్రణ తెచ్చింది. కమిన్స్ 1990 ప్రాంతంలో సెలెక్ట్ అనే వ్యవస్థతో వచ్చింది. ఎవరి కంప్యూటర్ వారిది, ఎవరి కోడ్‌లు వారివి. తొలిరోజుల్లో డ్యాష్‌బోర్డు మీద దీపం ఎన్నిసార్లు ఆరి వెలిగిందో లెక్కపెట్టి కోడ్ పట్టుకోవడమూ ఉండేది. తర్వాత చేతిలో పట్టుకునే ప్రో-లింక్ లాంటి రీడర్లు వచ్చాయి. ఒక్కో కంపెనీకి ఒక్కో కాట్రిడ్జ్ మార్చి వాడాలి. పరికరం ఒకటే అయినా కాట్రిడ్జ్‌లు కొనడానికే షెడ్డు జేబు ఖాళీ అయ్యేది. కథ ఇలాగే సాగితే లారీ కూడా ట్రాక్టర్ దారినే పట్టేది.

అలా కాకపోవడానికి కారణం అమెరికాలో లారీని అమ్మిన తీరు. 1980లలో పీటర్‌బిల్ట్ లారీ కొనే రవాణా సంస్థ ఇంజిన్ కావాలంటే క్యాటర్‌పిల్లర్‌ది, కాదంటే కమిన్స్‌ది వేయించుకునేది. గేర్‌బాక్స్ ఈటన్ నుంచి, యాక్సిల్ రాక్‌వెల్ నుంచి, బ్రేకులు బెండిక్స్ నుంచి. లారీ మీద పేరు ఒకరిది, లోపలి భాగాలు నలుగురైదుగురివి. ఈ నలుగురి కంప్యూటర్లు ఒకే ఛాసిస్ మీద కూర్చున్నాక ఒకదానితో ఒకటి మాట్లాడకపోతే బండే నడవదు. గేర్ మారేటప్పుడు ఇంజిన్ వేగం తగ్గించాలి, చక్రం జారుతుంటే ఇంజిన్ బ్రేకును ఆపాలి. పైగా వేల లారీలున్న సంస్థలు తమ షెడ్లలో తామే రిపేర్లు చేసుకునేవి. ఒకే లారీకి నాలుగు స్కానర్లు కొనిపించే కంపెనీకి తర్వాతి ఆర్డర్ ఇవ్వకుండా ఉండగల బలం వాటికుంది. ఆ ఒత్తిడి నుంచే ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ ద్వారా 1980ల ద్వితీయార్ధంలో జె1708, జె1587 ప్రమాణాలు పుట్టాయి. వేగం సెకనుకు 9,600 బిట్లే, సాకెట్‌కు ఆరు పిన్నులే. కానీ ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌కు 100, కూలెంట్ వేడికి 110 అని ఏ కంపెనీ అయినా పాటించే నంబర్లు స్థిరపడ్డాయి. బాష్ రూపొందించిన క్యాన్ అనే సంకేత పద్ధతి మీద 1990లలో జె1939 ప్రమాణం వచ్చింది. వేగం 2,50,000 బిట్లకు పెరిగి, పిన్నులు తొమ్మిది అయినా పాత నంబర్లను మార్చలేదు. ఇవాళ్టి స్కానర్‌లో ఎస్‌పీఎన్ (కొలత నంబరు) 100 అని కనిపిస్తే అది ఆ మొదటి బేరంలో ఒప్పుకున్న ఆయిల్ ప్రెషరే.

ఇంతకంటే తక్కువ పేరున్న, నా లెక్కలో ఇంతకంటే పెద్దదైన మలుపు ఇంకొకటుంది. అమెరికన్ ట్రకింగ్ అసోసియేషన్స్‌లో మెయింటెనెన్స్ వ్యవహారాలు చూసే మండలి 1990లలో ఆర్‌పీ1210 అనే సిఫారసు తెచ్చింది. లారీకి, లాప్‌టాప్‌కు నడుమ ఉండే అడాప్టర్ వేరు, లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ వేరు; ఈ రెండూ ఒప్పుకున్న ఒకే పద్ధతిలో కలవాలి అన్నది దాని సారం. కమిన్స్ సాఫ్ట్‌వేర్ ఇన్‌సైట్ వాడేందుకు కమిన్స్ అడాప్టరే కొనాలన్న నిర్బంధం దీంతో సడలింది. ఒక అడాప్టర్ కొని, దాని మీద ఇన్‌సైట్ నడపవచ్చు, రేపు అన్ని కంపెనీల కోడ్‌లూ చదివే ఇంకో సాఫ్ట్‌వేర్ నడపవచ్చు. దీన్ని రాయించింది ప్రభుత్వం కాదు, తయారీదారులూ కాదు, లారీలు కొనేవాళ్లు. స్కానర్ ఎంచుకోవడం అన్న మాటకు మెకానిక్ విషయంలో అసలైన అర్థం వచ్చింది అప్పుడే. అంతకుముందు బండితో పాటు పరికరమూ నిర్ణయమైపోయేది.

ఇదంతా చట్టం వల్లనే జరిగిందని ఒక వాదన ఉంది. కార్లలో 1996 నుంచి బండి తన లోపాలను తానే గుర్తించే ఓబీడీ-2 వ్యవస్థను తప్పనిసరి చేసి, పదహారు పిన్నుల సాకెట్ పెట్టించింది ప్రభుత్వమే కదా, లారీలకూ అదే దారి అని. తేదీలు ఈ వాదనకు ఒప్పుకోవు. 1996 నియమం కార్లకు, చిన్న ట్రక్కులకు. పెద్ద లారీలకు ఓబీడీ నియమం దశలవారీగా అమలైంది 2010 నుంచి 2013 మధ్య. అప్పటికి జె1587కు ఇరవై ఏళ్లు దాటాయి. అదీగాక ఓబీడీ చట్టం తెరిపించేది కాలుష్యానికి సంబంధించిన కోడ్‌లనే. గేర్‌బాక్స్, బ్రేకులు, క్యాబిన్ కంప్యూటర్ల సంగతి దానికి పట్టదు. కార్లలో చట్టం చేయించిన పనిని లారీల్లో కొనుగోలుదారులు ముందే చేయించుకున్నారు.

రెండో అభ్యంతరం గట్టిది, కొంత ఒప్పుకోవాల్సిందే. ఉమ్మడి ప్రమాణం తెరిచింది చదివే తలుపును మాత్రమే. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని ఏ స్కానరైనా చెబుతుంది. కొత్త ఇంజెక్టర్ వేశాక దాని కోడ్‌ను ఇంజిన్ కంప్యూటర్‌కు నేర్పడం, బండిని ఆపి ఉంచి ఫిల్టర్‌లోని మసిని కాల్చి శుభ్రం చేయించడం, వేగ పరిమితి మార్చడం — ఇవి ఆదేశాలు. వీటిని కంపెనీలు చాలావరకు తమ సొంత సందేశాల్లో, తమ పాస్‌వర్డుల వెనక దాచుకున్నాయి. జె1939 లోనే కంపెనీల సొంత వాడకానికని కొన్ని సందేశాలు వదిలిపెట్టారు. బేరంలో తయారీదారులు గెలుచుకున్న భాగం అది. అందుకే అన్ని బండ్లకూ పనికొచ్చేదని అమ్మే స్కానర్ కొనేవాడు అడగాల్సింది ఎన్ని కంపెనీల పేర్లు జాబితాలో ఉన్నాయని కాదు, ఏ కంపెనీకి ఏయే ఆదేశాలు ఇవ్వగలదని. జాబితా పొడుగు చూసి డబ్బు పోగొట్టుకున్న షెడ్లు ఏ దేశంలోనైనా ఉంటాయి. అయినా చదవడం చిన్న సంగతి కాదు. తప్పు సెన్సార్‌దా, వైరుదా, ఇంజిన్‌దా అని దారి మధ్యలో తెలిస్తే లారీని వందల కిలోమీటర్లు లాక్కెళ్లే ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు ట్రాక్టర్ సంగతి. జాన్ డీర్ ట్రాక్టర్‌లో ఇంజిన్, ట్రాన్స్‌మిషన్, కంప్యూటర్ అన్నీ ఆ ఒక్క కంపెనీ గొడుగు కిందివే. ఒకే ఇంట్లో వాళ్లు మాట్లాడుకునే మాట బయటివాళ్లకు అర్థమవ్వాల్సిన అవసరం ఏముంది? కొనేవాడు ఒకటి రెండు ట్రాక్టర్ల రైతు. ఆర్డర్ ఆపేస్తానని బెదిరించే స్థితిలో లేడు. లోపాలు వెతికి సరిచేసే డీర్ సొంత సాఫ్ట్‌వేర్ సర్వీస్ అడ్వైజర్ పూర్తిస్థాయిలో డీలర్ల దగ్గరే ఉండిపోయింది. కోతల రోజుల్లో యంత్రం ఆగితే డీలర్ మనిషి వచ్చేదాకా ఎదురుచూడటమే. ఉక్రెయిన్ నుంచి వచ్చిన దొంగ కాపీలను అమెరికా రైతులు వాడుతున్నారని 2017లో పత్రికలు రాశాయి. బేరం సాగనిచోట చట్టం రావాల్సి వచ్చింది. రిపేరు కోసం ట్రాక్టర్ సాఫ్ట్‌వేర్ తాళం తీయడం కాపీరైట్ నేరం కాదన్న మినహాయింపు 2015లో దక్కింది. 2023 జనవరిలో డీర్ కంపెనీ రైతు సంఘాల సమాఖ్యతో ఒప్పందానికి వచ్చింది. అదే ఏడాది కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు చట్టం చేసింది. 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ డీర్ మీద దావా వేసింది. లారీ షెడ్డుకు దశాబ్దాల కిందటే అందినదాని కోసం రైతు కోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

తాళాలు తీస్తే మసి ఫిల్టర్లు పీకేసి పొగ వదులుతారని కంపెనీలు అంటాయి. ఆ భయం కల్పితం కాదు. ఫిల్టర్లు తీయించే సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల మీద అమెరికా పర్యావరణ సంస్థ కేసులు పెట్టింది కూడా. కానీ తాళం వేస్తే గాలి శుభ్రంగా ఉంటుందన్న మాటను 1998 నాటి రికార్డు నిలవనివ్వదు. పరీక్షలో ఒకలాగా, హైవే మీద ఇంకోలాగా ఇంజిన్ నడిచేట్టు సాఫ్ట్‌వేర్ రాశారన్న ఆరోపణ మీద క్యాటర్‌పిల్లర్, కమిన్స్, డెట్రాయిట్ డీజిల్, మ్యాక్, నావిస్టార్, రెనో, వోల్వో కంపెనీలు ఆ ఏడాది ప్రభుత్వంతో రాజీకి వచ్చాయి. లెక్కలోకి వచ్చిన ఇంజిన్లు సుమారు 13 లక్షలు, జరిమానా 8.34 కోట్ల డాలర్లు. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది దారిపక్క మెకానిక్ కాదు. బయటివాళ్ల కంట పడని పెట్టెలో అది ఏళ్ల తరబడి సాగిందంటే, తాళం కాపాడినది గాలిని కాదనే అనుకోవాలి.

అమెరికా లారీ కూడా క్రమంగా ట్రాక్టర్ వైపు జరుగుతోంది. 2000లో డెట్రాయిట్ డీజిల్, ఫ్రైట్‌లైనర్ యజమాని అయిన డైమ్లర్‌క్రైస్లర్ చేతికి వెళ్లింది. క్యాటర్‌పిల్లర్ 2010 నాటికి రోడ్డు లారీల ఇంజిన్ల నుంచి తప్పుకుంది. పీటర్‌బిల్ట్, కెన్‌వర్త్‌ల యజమాని ప్యాకార్ సొంత ఇంజిన్ తెచ్చుకుంది. బండీ ఇంజినూ ఒకే గూటికి చేరేకొద్దీ పాత బేరం పలచబడింది. మసాచుసెట్స్ ఓటర్లు 2012లో కార్ల రిపేరు హక్కుకు పట్టం కట్టాక, 2015లో లారీ తయారీదారులు, రిపేరు రంగం కలిసి సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం రాసుకున్నారు. మునుపు కొనుగోలు బేరంతో సాగినదాన్ని ఇప్పుడు కాగితం మీద పెట్టాల్సి రావడమే కాలం మారిందనడానికి సాక్ష్యం.

లారీ షెడ్లకు పేరున్న విజయవాడ ఆటోనగర్‌ను ఈ వెలుగులో చూస్తే మన లారీ మొదటి నుంచీ ట్రాక్టర్ గూటిదేనని తేలుతుంది. టాటా, లేలాండ్ బండ్లలో ఇంజిన్ ఒకరిది, గేర్‌బాక్స్ ఇంకొకరిది ఎంచుకుని వేయించుకునే పద్ధతి ఇక్కడ పెద్దగా లేదు. చాలావరకు తయారైన బండి ఏదో అదే కొనాలి. కొనేవాళ్లలో ఎక్కువమంది ఒకటో రెండో లారీలున్నవాళ్లు. మెకానికల్ పంపు ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ తగల్లేదు, ఎందుకంటే సీసపు సీలు తెంపడానికి ప్లయర్ చాలు. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు దేశమంతటా వచ్చాక తగిలింది. కార్ల విడిభాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు ఇవ్వనందుకు కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది గానీ, ఆ తీర్పు కార్ల గురించి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద వేసిన కమిటీ ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు, వ్యవసాయ యంత్రాలు రెండూ ఉన్నాయి. ఆ ఏడాది చివర్లో ఒక పోర్టల్ కూడా తెరిచారు. తయారీదారులు ఇష్టపడి ఇచ్చిన సమాచారమే అందులో చేరుతుంది. ఇంజెక్టర్ కోడ్ నేర్పాల్సిన బీఎస్-6 లారీ షెడ్డుకు వస్తే, అన్ని బండ్లకూ పనికొచ్చే స్కానర్‌తో జబ్బు పేరు కనిపెట్టి, ఆఖరి పనికి కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపాల్సి రావడం ఇక్కడ ఇంకా మామూలే.