బతుకమ్మకు వచ్చి, ఉగాదికి వెళ్ళే చుట్టాలు

సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాసి ఇమ్మని సంపాదకవర్గం మిత్రులు కోరారు. చరిత్ర అనగానే కోటలు, శాసనాలు, ఉద్యమాలు గుర్తుకు రావడం సహజం. వాటి గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం రోజూ పొద్దున నడకకు వెళ్ళే కోమటిచెరువు కట్ట మీద దొరికిన ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను.

హోలీ పోయిన తర్వాత ఒకనాడు, నాతోపాటు నడిచే ఒక రిటైర్డు ఉపాధ్యాయ మిత్రుడు చెరువు వైపు చూసి, "ఏం సారూ, పోయిన వారం గా మూలకు బాతులు గుంపులు గుంపులుండె. ఇయ్యాల ఒక్కటన్న కనవడ్తలేదు. ఎవలన్న కొట్టుకపోయిన్రా ఏంది?" అన్నాడు. ఎవరూ కొట్టుకుపోలేదనీ, వాటి ఊరికి అవి వెళ్ళిపోయాయనీ చెప్పాను. "గట్లనా! మరి వాటి ఊరేది?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఈనాడు మనకు తెలుసునంటే, దాని వెనుక దాదాపు రెండు వందల ఏళ్ళ కథ ఉంది. ఆ కథలో మనవంటి ఉద్యోగులకూ, పింఛనుదారులకూ పెద్ద పాత్రే ఉంది.

వాటి ఊరేది?

సూదితోక బాతు వంటి చలికాలపు బాతులు సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి వస్తాయి. పట్టెతల బాతులు టిబెట్, మంగోలియా సరస్సుల నుంచి హిమాలయాలు దాటి దక్షిణాదికి దిగుతాయి. అవి 7,000 మీటర్లకు పైగా ఎత్తున ఎగిరినట్లు పరికరాలు అమర్చి చూసిన శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అరకిలో కూడా తూగని చిన్న బాతులు సైతం ఇంత దూరమూ రెక్కల మీదే వస్తాయి. చెరువు అంచున తోక ఊపుతూ తిరిగే ఖంజనాలు, బురదలో ముక్కుతో వెతుక్కునే ఉల్లంకి పిట్టలు కూడా చాలామట్టుకు అటువంటి చుట్టాలే.

మన లెక్కలో చెప్పాలంటే ఇవి బతుకమ్మ పండుగ రోజుల్లో రావడం మొదలుపెట్టి, ఉగాది అటూ ఇటూగా సర్దుకుంటాయి. ఎండలు ముదిరాయి కనుక పోతున్నాయని మనం అనుకుంటాం. అసలు సంగతి వేరు. పగటి పొద్దు పెరగడాన్ని పక్షి శరీరం గుర్తిస్తుంది. దానితో లోపల మార్పులు మొదలై ఆకలి పెరుగుతుంది, ఒంట్లో కొవ్వు చేరుతుంది. ఆ కొవ్వే దారిబత్తెం. ఉత్తరాన మంచు కరిగి పురుగూ పుట్రా పుట్టే వేళకు అక్కడికి చేరి గూడు కట్టుకోవాలి. ఆలస్యమైతే పిల్లలకు తిండి దొరకదు.

వెళ్ళే ముందు కనువిందు చేసేది గులాబీ గోరింక. నల్లని తల, గులాబీ రంగు ఒళ్ళు. మోదుగ, బూరుగ పూసిన రోజుల్లో ఆ చెట్ల మీద గుంపులుగా వాలి, పువ్వుల్లోని తేనె తాగుతూ గోల చేస్తుంది. జొన్న చేలమీద పడుతుందని రైతులు వడిసెలతో తరిమేది దీన్నే. ఏప్రిల్ దాటేసరికి ఇది కజకిస్థాన్ వంటి దేశాల గడ్డిమైదానాలకు చేరుతుంది. అక్కడ మిడతలను తినిపెట్టి ఆ దేశపు రైతుకు మేలు చేస్తుంది.

మన పాత అలవాటు

పక్షులను చూడటం మనకు కొత్త కాదు. దసరా నాడు పాలపిట్టను చూడనిదే మనకు పండుగ నిండదు. అదే పాలపిట్ట ఈనాడు తెలంగాణ రాష్ట్ర పక్షి. తొలకరికి ముందు చాతక పక్షి వస్తుందని కవులు చెప్పినదీ ఉత్తమాట కాదు. ఆఫ్రికా నుంచి రుతుపవనాలతో పాటు అది మన దేశానికి వస్తుందని పరిశీలకులు ధ్రువపరిచారు. తీతువు కూతకు శకునం చూసినా, కొంగల బారును బట్టి వాన అంచనా వేసినా, మన పెద్దలు పక్షిని గమనించిన మాట నిజం. అయితే గమనించారే గాని, ఏ ఏడు ఏ తేదీన ఎన్ని వచ్చాయో రాసి పెట్టలేదు. ఒక్క మాట ఇక్కడే మనవి చేస్తాను. పండుగనాడు పాలపిట్టను పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవారు కొన్నిచోట్ల కనిపిస్తారు. అది చట్టరీత్యా నేరం. ఎగిరే పిట్టను చూస్తేనే శుభం.

కలాలు పట్టిన ఉద్యోగులు

రాసి పెట్టడం ఇంగ్లీషు వాళ్ళ హయాంలో మొదలైంది. వారిలో పక్షుల మీద జీతం తీసుకున్నవారు లేరనే చెప్పాలి. థామస్ జెర్డాన్ అనే వైద్యుడు నెల్లూరులో కూడా పనిచేశాడు. డ్యూటీ అయ్యాక స్థానికుల ద్వారా తూర్పు కనుమల పక్షుల వివరాలు సేకరించాడు. 1862-64 మధ్య అచ్చయిన తన గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా చేర్చాడు. ఆయన కనుగొన్న ఒక పక్షిని 1848లో లోకానికి పరిచయం చేశారు. దానిని మనవాళ్ళు కలివికోడి అంటారు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు, అంతరించిందనుకున్నారు. 86 ఏళ్ళ తర్వాత, 1986లో కడప జిల్లా పొదల అడవుల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దానిని మళ్ళీ కనుగొన్నారు. పాత రాతలు ఎక్కడ వెతకాలో చెప్పాయి. ఊరి వేటగాళ్ళకున్న ఎరుక దానిని చూపించింది. రెండింటిలో ఏది లేకపోయినా ఆ పక్షి దొరికేది కాదు.

రెండో ఉద్యోగి మనందరికీ తెలిసినవాడే. 1885లో కాంగ్రెసు స్థాపనకు కారకుడైన ఎ.ఓ.హ్యూమ్ దొర. కలెక్టరుగా, ప్రభుత్వ కార్యదర్శిగా పనిచేసి 1882లో రిటైరయ్యాడు. కాంగ్రెసు కన్నా ముందు ఆయనకు పక్షులే లోకం. 1872 నుంచి పక్షుల మీద ఒక పత్రిక నడిపాడు. దేశం నలుమూలలా ఉన్న ఉద్యోగులు ఆయనకు ఉత్తరాలు రాసేవారు. రిటైరయ్యాక పెద్ద గ్రంథం రాద్దామని ఏళ్ళ తరబడి కూడబెట్టిన రాతప్రతులను సిమ్లా ఇంట్లో ఉంచాడు. ఆయన ఊళ్ళో లేని సమయంలో ఇంటి నౌకరు వాటిని చిత్తుకాగితాల కింద బజారులో అమ్మేశాడు. ఆ దెబ్బతో హ్యూమ్ పక్షుల పని మానుకున్నాడు. 80 వేలకు పైబడిన తన సేకరణను 1885లో బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చివేశాడు. గ్రంథం మాత్రం రానే లేదు.

ఈ సంగతి చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్పుకోవాలి. నేను 1978లో రెవెన్యూ శాఖలో చేరి పాత మెదక్ జిల్లాలో చాలా ఊళ్ళు తిరిగాను. గిర్దావర్‌గా అజమాయిషీకి వెళ్ళినప్పుడు చెరువులో నీరెంత, శిఖంలో ఎవరు దున్నారు, తూము ఎట్లా ఉంది అని డైరీలో రాసుకునేవాణ్ణి. పక్కన అంచులో, సరదాకు, ఆనాడు చూసిన పక్షులు కూడా రాసేవాణ్ణి. "ఎర్రకాళ్ళ కొంగలు 12, నామాలకోళ్ళు లెక్కలేనన్ని" అన్నట్లుగా. అటువంటి డైరీలు ఇరవైకి పైగా ఉండేవి. రిటైరయ్యాక పాత ఇల్లు సర్దుతూ ఎవరికి పనికొస్తాయిలే అనుకుని, నా చేతులతో నేనే పాతపేపర్ల వాడికి తూకానికి వేశాను. హ్యూమ్ దొర తన నౌకరును తిట్టుకున్నాడేమో. నాకు తిట్టుకోవడానికి నౌకరు కూడా లేడు.

హైదరాబాద్ రాజ్యంలో సలీం అలీ

మన ప్రాంతానికి సంబంధించిన ముఖ్య ఘట్టం 1931-32లో జరిగింది. సలీం అలీ గారికి అప్పుడు 35 ఏళ్ళు. డిగ్రీ లేదన్న కారణంగా ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. ఖర్చులు ఇస్తే చాలు, జీతం అక్కరలేదు, మీ రాజ్యంలోని పక్షులను సర్వే చేసి ఇస్తానని సంస్థానాలకు రాశారు. మొదట అవకాశం ఇచ్చినది నిజాం ప్రభుత్వమే. ఎడ్లబండ్లు, డేరాలు వేసుకుని, భార్య తెహ్మినా గారితో కలిసి అమ్రాబాద్ వంటి అడవులు తిరిగి ఆయన తయారుచేసిన హైదరాబాద్ రాజ్య పక్షుల నివేదిక 1933-34లో బొంబాయి సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చింది. మన సిద్దిపేట ఆనాడు ఆ రాజ్యంలోని మెదక్ జిల్లాలోనిది. దేశంలో ఆ తర్వాత ఆయన చేసిన సర్వేలన్నిటికీ ఇదే ఒరవడి అయింది. 1941లో వచ్చిన ఆయన పుస్తకం సామాన్యులకు పక్షులను చూడటం నేర్పింది. 1976లో పద్మవిభూషణ్ అందుకుని, 1987లో కన్నుమూశారు.

వలస పక్షుల దారి తెలిసిన తీరు కూడా చిత్రమైనదే. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కొత్త జ్వరం పుట్టింది. రష్యాలోని ఒక జ్వరాన్ని పోలి ఉండడంతో, పక్షులకు అంటుకున్న పిడుదుల ద్వారా వచ్చిందేమోనని అనుమానించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో 1959లో పక్షుల కాళ్ళకు నంబరు వేసిన తేలికపాటి కడియాలు తొడిగే పని పెద్ద ఎత్తున మొదలైంది. ఆ జ్వరాన్ని పక్షులే తెచ్చాయని తేలలేదు గాని, మన దగ్గర కడియం వేసిన పక్షి వేల మైళ్ళ అవతల దొరికినప్పుడల్లా మిత్రుడి ప్రశ్నకు జవాబు కొంచెం కొంచెంగా తెలుస్తూ వచ్చింది.

మన జిల్లాల్లో

నేను సర్వీసులో చేరిననాటికి చలికాలంలో చెరువుల మీద తుపాకుల చప్పుడు అరుదు కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేటలు కూడా ఆగిపోయాయి. పాత మెదక్ జిల్లాలో నిజాం వేటస్థలమైన పోచారం 1952లోనే అభయారణ్యం అయింది. మంజీరా 1978లో అయింది. 1980లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ ఏర్పడింది. ఇప్పుడు దక్కన్ బర్డర్స్ అనే పేరుతో పనిచేస్తున్నది. బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, గృహిణులు, పింఛనుదారులు ఆదివారం పొద్దున్నే పార్కులకూ చెరువులకూ వెళ్ళి లెక్కలు రాయడం వారి పని. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా దేశాలలో నీటిపక్షుల గణన జరుగుతున్నది. కుతుబ్‌షాహీల నాటి అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. నగరపు చెరువుకు ఇటువంటి గుర్తింపు దేశంలో అదే మొదలు. అక్కడ ఏయే పక్షులు వస్తున్నాయో ఓపికగా రాసి చూపినవారు లేకపోతే, అది ప్లాట్ల మధ్య మిగిలిన నీటిగుంటగానే కనిపించేది.

ఇక మన సిద్దిపేట. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. కోమటిచెరువు కట్ట మీద నడకబాట, వేలాడే వంతెన, పడవలు వచ్చాయి. 2020లో రంగనాయకసాగర్, 2022లో మల్లన్నసాగర్ ప్రారంభమై, గోదావరి నీళ్ళు ఈ మెట్ట ప్రాంతానికి చేరాయి. కరువులో ట్యాంకర్ల వెంట పరుగెత్తిన మన తరానికి నిండిన చెరువు ఎంత సంతోషమో వేరే చెప్పాలా? అయితే ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఉల్లంకి పిట్టకు లోతు నీళ్ళు పనికిరావు. మాఘ ఫాల్గుణాల్లో నీరు తగ్గి శిఖంలో బురద తేలితే, అందులోని పురుగులే దాని దారిబత్తెం. చెరువు చుట్టూ రాతికట్టు కట్టి, నిండా నీళ్ళు పెడితే చూపుకు బాగుంటుంది గాని, ఆ పిట్టకు కాలు మోపే చోటుండదు. అందంగా చేసేటప్పుడు ఏ చెరువుకైనా ఒక వైపు మత్తడో, శిఖమో, తుంగో, బురదో ఉన్నది ఉన్నట్లుగా వదిలిపెట్టడం మంచిది. రైతుకూ నష్టం లేదు, చుట్టానికీ చోటు దొరుకుతుంది.

అట్లా వదలమని అడగాలంటే మన దగ్గర లెక్క ఉండాలి. "ఇంతకు ముందు చాలా వచ్చేవి" అంటే ఏ ఆఫీసులోనూ ఫైలు కదలదని మనకన్నా ఎవరికి తెలుసు? తేదీ, చోటు, పక్షి, సంఖ్య. ఈ నాలుగు గడులు చాలు. మనవలు, మనవరాళ్ళు ఉన్నవారు వారి ఫోనులో ఈ-బర్డ్ ద్వారా ఎక్కించవచ్చు. ఫోను చేతకాని నావంటి వారికి నోటుబుక్కు ఉండనే ఉంది. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, కాళ్ళు రాస్తే చాలు. అమ్మలకు, నానమ్మలకు తెలిసిన పాత పేర్లుంటే తప్పక రాయండి. అవి వారితో పోతే మళ్ళీ రావు.

మిత్రుడు మాట విన్న మర్నాడే రెండు వందల పేజీల నోటుబుక్కు కొని తెచ్చి, గడులు గీసి, సంఘం భవనంలో పెట్టాడు. పోయిన డైరీలను నేను తిరిగి రాయలేను. ఈ పుస్తకాన్ని మాత్రం తూకానికి పోనివ్వను. వచ్చే బతుకమ్మకు చెరువు దగ్గర మొదటి చుట్టాన్ని ఎవరు చూస్తే వారు వచ్చి తేదీ వేసి సంతకం చేయవలసిందిగా సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ మనవి.