పర్లాకిమిడి పంతులు, మద్రాసు పాఠ్యపుస్తకం

గిడుగు రామమూర్తి పంతులు గారిని ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం, పటానికి దండ వేస్తాం. ఆయన పోరాటంలో ఎక్కువ భాగం బడి పుస్తకాల మీద, పరీక్ష పేపర్ల మీద నడిచిందన్న సంగతి మాత్రం పెద్దగా చెప్పుకోం. పిల్లలు బళ్ళో ఏ తెలుగు రాయాలి, ఆ మాట ఎవరు తేల్చాలి? గొడవంతా అక్కడే.

ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టరుగా చేరారు. 30 ఏళ్ళు అక్కడే పాఠాలు చెప్పారు. అప్పటికి ఒడిశా రాష్ట్రం లేదు, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా ఊరు. తెలుగు, ఒడియా, కొండ మీది సవర మూడూ వినబడే చోటు. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాల బడులకి ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ దొర వచ్చాడు. పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఇంకొకటి, ఇదేమిటని ఆయనకి అనుమానమొచ్చింది. విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరం నుంచి గురజాడ అప్పారావు గారు, మన గిడుగు ఆయనకి తోడయ్యారు.

1912-13కి ఫలితం కనబడింది. స్కూల్ ఫైనల్లో వ్యాసం గ్రాంథికంలోనైనా, ఆధునిక భాషలోనైనా రాయొచ్చని బోర్డు కార్యదర్శి సర్క్యులర్ పంపారు. ఆధునిక భాష అంటే ఎలా ఉంటుందో నమూనాలు కూడా చెప్పారు: బ్రౌన్ తెలుగు రీడరు, ఆర్డెన్ వ్యాకరణం, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్య చెన్నపట్నం తెలుగాయన, అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ. 1830లో కాశీకి బయల్దేరి, దారి పొడుగునా చూసిందంతా మామూలు మాటల్లో రాసుకున్నారు. అంటే మంచి వాడుక తెలుగు ఇదీ అని బోర్డు చూపించిన వాటిలో ఒకటి చెన్నపట్నం మనిషిది. తమిళనాడులో ఉన్న మనవాళ్ళు ఈ ముక్క ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

అవతలి పక్షం ఊరుకోలేదు. 1911లోనే ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. ముందు నిలబడింది జయంతి రామయ్య పంతులు గారు, డిప్యూటీ కలెక్టరు హోదా ఉన్నవారు. పండితుల్లో వేదం వేంకటరాయ శాస్త్రి గారి లాంటి పెద్దలు, వెనక పిఠాపురం రాజావారి అండ. సభలు, తీర్మానాలు, ప్రభుత్వానికి అర్జీలు. వాళ్ళ వాదన మరీ తీసిపారేసేది కాదు. మాట జిల్లాకొకలా ఉంటుంది, పుస్తకం భాష అన్ని జిల్లాలకీ ఒకటేనన్నారు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన రోజులు చూడండి, ఆంధ్రులంతా ఒకటన్న మాటకి అప్పుడు చాలా బరువుంది.

గిడుగు 1913లో ఇంగ్లీషులో ఒక మెమొరాండం రాసి అచ్చేయించారు. గ్రాంథికం కావాలని పట్టుబట్టేవాళ్ళే దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ళ పుస్తకాల్లోంచే ఏరి చూపించారు. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చారు. ఏం లాభం? సర్కారు వెనక్కి తగ్గింది, బడిలో గ్రాంథికమే నిలిచింది. నా మట్టుకు నాకు, వాదనల కన్నా అర్జీలు పెట్టినవాళ్ళ హోదాయే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది.

ఎందుకంటే అదే సర్కారు, అదే 1913లో, సవర భాషకి చేసిన సేవకి గిడుగుకి బిరుదు ఇచ్చింది. సవర పిల్లల కోసం ఆయన సొంత డబ్బుతో బడులు పెట్టి, వాళ్ళ మాటలోనే, తెలుగు లిపిలో వాచకాలు రాశారు. దానికి ఏ పరిషత్తూ అడ్డు చెప్పలేదు. సవర పిల్లాడు ఇంటి మాటలో చదివితే ఏ పండితుడి పెద్దరికమూ తగ్గదు కదా!

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. గిడుగు అడిగింది శిష్టుల వాడుక భాష, అంటే చదువుకున్నవాళ్ళు ఇళ్ళలో మాట్లాడేది. ఆయన గెలిచినా మా వైపు "ఏటి సేస్తన్నావు" వాచకంలోకి వచ్చేది కాదు. కాకపోతే అలా మాట్లాడే పిల్లాడికి పుస్తకం కొంచెం దగ్గరయ్యేది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, పర్లాకిమిడి అందులో కలిసింది. అది ఇష్టంలేక గిడుగు ఆ రోజే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకి 72 ఏళ్ళు. వెళ్ళలేని మనవాళ్ళు ఉండిపోయారు. అక్కడి బడి పుస్తకాల సంగతి మద్రాసు చేతిలోంచి కటకానికి, తర్వాత భువనేశ్వర్‌కి పోయింది. గ్రాంథికమా, వాడుకా అన్న ప్రశ్న కాస్తా, అసలు బళ్ళో తెలుగు ఉంటుందా లేదా అన్న ప్రశ్న అయింది. ఆంధ్రలో వాచకాలు వాడుక భాషకి మారేసరికి స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటికి గిడుగు పాఠం చెప్పిన ఊళ్ళో పిల్లలు ఒడిశా సర్కారు పుస్తకాలు చదువుతున్నారు.