ముగ్గురు నవకమ్మికులు, ఒక రాతిపనివాడు

పోయినేడు ఆఫీసుకు సెలవు పెట్టి, నాగార్జునసాగర్ హిల్ కాలనీ దగ్గరున్న విపశ్యనా కేంద్రానికి సేవకు వెళ్లాను. ముందు ఒకసారి పది రోజుల కోర్సు చేసినవాళ్లకే అక్కడ సేవ చేసే వీలు. జీతం ఉండదు. రోజుకు మూడుసార్లు అందరితో కలిసి ధ్యానం, మిగతా పొద్దంతా పని. నా వంతుకు వంటిల్లు వచ్చింది. బయల్దేరేముందు పాలకీడులో అమ్మకు చెబితే, "ఇంట్ల ఎన్నడన్న ఒక్క గిన్నె తోమినవా బిడ్డా? ఆడికి పొయ్యి తోముతనంటవా!" అంది. జవాబు లేదు నా దగ్గర.

ఆ అంట్ల దగ్గరే ఒక సందేహం పట్టుకుంది. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకుల కాలంలో, ఇదే కృష్ణ లోయలోని విజయపురిలో ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలుండేవి. అక్కడ ఉండి చదువుకున్నవాళ్ల పనులు ఎవరు చేశారు? మన చరిత్ర పుస్తకాలు దాతలను బాగానే చెప్తాయి. చాంతిసిరి లాంటి రాజకుటుంబపు స్త్రీలు ఇచ్చిన దానాలు మనకు తెలుసు. పని చేసినవాళ్ల సంగతే దొరకదు.

ఒక్కచోట మాత్రం దొరికింది. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనమది. ఫోగెల్ దాన్ని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించాడు. తంబపన్ని, అంటే సింహళ, ఆచార్యుల కోసం చుల ధమ్మగిరి మీద ఆమె చైత్యగృహం కట్టించింది. ఇంకోచోట గది, మరోచోట చెరువు, దేవగిరిలో సాధన చేసుకోడానికి పధానశాల, ఘంటసాలలో రాతి మండపం... ఆ జాబితా పెద్దది. అన్నీ అయ్యాక, ఈ పని చేయించింది ముగ్గురు నవకమ్మికులని చెప్పి పేర్లిస్తుంది: చందముఖ థేరుడు, ధమ్మనంది థేరుడు, నాగ థేరుడు.

నవకమ్మికుడంటే విహారంలోనే ఉంటూ కట్టుబడి పని చూసుకునే భిక్షువు. ఈ పదవి ఎలా పుట్టిందో వినయపిటకం ఒక కథ చెప్తుంది. వైశాలిలో ఒక పేద దర్జీ సంఘం కోసం సొంతంగా గోడ కట్టబోయాడు. పని రాదు కాబట్టి మూడుసార్లు కూలింది. బట్టలూ తిండీ ఇచ్చేవాళ్లకే వీళ్లు దారి చూపిస్తారు, నాలాంటి పేదవాడికి చెప్పేవాడు లేడని గొణిగాడు. అది విన్నాక బుద్ధుడు కట్టుబడికి ఒక భిక్షువును నియమించమన్నాడట. తర్వాత తలుపు బిగించినందుకూ, గోడకు మట్టి మెత్తినందుకూ కూడా నవకమ్మ హోదా ఇవ్వసాగారు. దాన్నీ ఆపాల్సొచ్చింది. ఒక్క లైను కోడ్ మార్చి రిలీజ్ నోట్స్‌లో పేరు వేయించుకునేవాళ్లను రోజూ చూస్తాను కనుక, నాకు ఇది చదివి నవ్వొచ్చింది.

అయితే దీన్నంతా స్వచ్ఛంద సేవ అనేయడం నాకు కుదరదనిపిస్తుంది. అదే వినయంలో ఆరామికులున్నారు. భిక్షువులు చేయకూడని పనులు చేసిపెట్టే గృహస్థులు. పిలిందవచ్ఛుడికి బింబిసారుడు ఐదు వందల మంది ఆరామికులను ఇచ్చాడని ఉంది. 'ఇచ్చాడు' అన్న క్రియ చూడండి. వాళ్లను ఎవరూ అడిగినట్టు లేదు. పది రోజులు గిన్నెలు తోమి ల్యాప్‌టాప్ దగ్గరికి తిరిగొచ్చే నేను వేరు, వాళ్లు వేరు. విజయపురిలో వంట ఎవరు చేశారో ఈ శాసనం చెప్పదు.

1967లో సాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలారు. లోయ మునిగింది. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదికీ, అనుపుకూ మార్చారు. మా వైపు వరి పండేది ఎడమ కాలువ నీళ్లతోనే. చిన్నప్పుడు ఆ కాలువలో ఈతలు కొట్టేటప్పుడు విహారాల ఊసే తెలియదు నాకు.

శాసనం చివర ఇంకో పేరుంది. రాయి చెక్కిన పని విధికుడిదని. ఇంటికొచ్చాక ఆ సంగతి అమ్మకు చెప్పాను.

"మరి ఆయనకు కూలి ఇచ్చిన్రా?" అని అడిగింది.

శాసనంలో అది లేదు.