సోరియాసిస్‌కు పథ్యం: ఏది పనిచేస్తుంది, ఏది చేయదు

సూరత్ మగ్గాలపై నేసిన గుడ్డకు రంగులద్దే మిల్లులు పల్సానా తాలూకాలో, ముఖ్యంగా కడోదరా చుట్టుపక్కల, వరుసగా కనిపిస్తాయి. ఆవిరి, ఉక్క, రసాయనాల మధ్య పని. సూరత్ నగరంలో తెలంగాణ నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో మున్సిపల్ బడులు నడిచేంత సంఖ్య వారిది. గుడ్డ పనే బతుకైన ఇలాంటి చోట చర్మం ఎర్రబడి పొలుసులు రాలితే మొదటి అనుమానం రంగు మీదికి, రెండోది తిండి మీదికి పోతుంది.

మొదటి అనుమానాన్ని కొట్టిపారేయలేం. రంగులు, రసాయనాలు తగిలి వచ్చే ఎగ్జిమా సాధారణంగా చేతుల మీద కనిపిస్తుంది, పనికి దూరంగా ఉంటే తగ్గుతుంది. సోరియాసిస్ వేరు. మోచేతులు, మోకాళ్లు, తల, నడుము కింది భాగంలో మందపాటి మచ్చలు, వెండిలా మెరిసే పొలుసులు దాని గుర్తు. మామూలుగా నాలుగు వారాలు పట్టే చర్మకణాల మార్పిడి ఇందులో మూడు నుంచి అయిదు రోజుల్లో జరిగిపోతుంది. దారి తప్పిన రోగనిరోధక వ్యవస్థ దీనికి మూలం. ఇది అంటువ్యాధి కాదు. అయితే గీరుకున్నచోట, ఒరుసుకున్నచోట కొత్త మచ్చలు లేస్తాయి. మిల్లులో పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

ఇక తిండి. మన ఇళ్లలో పథ్యం అనగానే వంకాయ, గోంగూర, చింతపండు, చేపలు మానేయమంటారు. వీటిని మానితే సోరియాసిస్ తగ్గుతుందని చూపే గట్టి ఆధారాలు లేవు. తమాషా ఏమిటంటే, చేప వద్దన్న నోరే చేపనూనె గోళీలు కొనమంటుంది. ఆ గోళీలను 1993లోనే నార్వే వైద్యులు 145 మందిపై నాలుగు నెలలపాటు పరీక్షించారు. మొక్కజొన్న నూనె తీసుకున్నవారికీ వీరికీ తేడా రాలేదు.

విటమిన్ డి కథ మరింత ఆసక్తికరం. 1985లో జపాన్‌లో ఎముకల జబ్బుకు విటమిన్ డి రకం మందు వాడిన ఒక రోగికి సోరియాసిస్ కూడా తగ్గడం వైద్యులు గమనించారు. ఆ దారిలోనే కాల్సిపోట్రయాల్ వంటి పైపూత మందులు వచ్చాయి. అవి నిజంగా పనిచేస్తాయి. నోటితో తీసుకునే విటమిన్ విషయంలో మాత్రం ఆ ఫలితం కనిపించలేదు. నార్వేలోనే 2023లో వెలువడిన పరీక్షలో, ఎండ లేని శీతాకాలంలో ఇచ్చినా మచ్చల తీవ్రత మారలేదు. రక్తపరీక్షలో లోపం తేలితే వాడాలి. అంతేగానీ 60,000 యూనిట్ల సాచెట్లు సొంతంగా నెలల తరబడి మింగితే కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

గోధుమ మానాలా? 2018లో అమెరికా నేషనల్ సోరియాసిస్ ఫౌండేషన్ వైద్యమండలి 55 అధ్యయనాలు పరిశీలించింది. రక్తంలో గ్లూటెన్ సంబంధిత యాంటీబాడీలు ఉన్నవారికే ఆ పథ్యం సూచించింది. అదే మండలి గట్టిగా చెప్పినది ఒక్కటే: ఊబకాయం, అధిక బరువు ఉన్నవారు తక్కువ కేలరీల తిండితో బరువు తగ్గాలి. కొవ్వు కణజాలం మంటను పెంచే రసాయనాలను విడుదల చేస్తుంది కనుక ఇందులో తర్కం ఉంది. అయినా అద్భుతాలు ఆశించకూడదు. 2013 నాటి కోపెన్‌హాగెన్ పరీక్షలో ఆహారం తగ్గించినవారు పోల్చిచూసిన బృందం కంటే 15 కిలోలు ఎక్కువగా తగ్గారు. మచ్చలు తగ్గుముఖం పట్టినా, ఆ తేడా గణాంకాల ప్రకారం రుజువయ్యేంత రాలేదు. రోజువారీ బతుకు మాత్రం స్పష్టంగా తేలికపడింది. పన్నెండు గంటల షిఫ్టులో నిలబడేవారు కడుపు మాడ్చుకోనక్కర్లేదు. ఫాఫడా, లోచోల మీద నూనె, రోజుకు అయిదారు చక్కెర టీలు, రాత్రి పళ్లెంలో అన్నం గుట్ట తగ్గించడం దగ్గర మొదలుపెట్టవచ్చు. పప్పు, ఆకుకూరలు, చేప ఉండనివ్వాలి.

అసలు ప్రమాదం గోళీలు, చూర్ణాల దగ్గరుంది. కూరలో పసుపుకు భయం లేదు. మిరియాల సారం కలిపిన పసుపు గోళీలతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో నమోదయ్యాయి. తిప్పతీగ గురించి 2021లో ముంబై వైద్యులు అలాంటి కేసులే ప్రచురిస్తే ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. ఆ వివాదం ఎలా తేలినా, ఇమ్యూనిటీ పెంచుతామనే సరుకు సోరియాసిస్ రోగికి ఎందుకు? అతని ఇమ్యూనిటీ ఇప్పటికే అతిగా పనిచేస్తోంది.

పైగా ఈ జబ్బుకు విరివిగా రాసే మెథోట్రెక్సేట్ కాలేయంపై ఒత్తిడి పెడుతుంది. దానికి మద్యం తోడైతే మరీ చేటు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది కనుక డాక్టర్ అడిగినా తాగుడు సంగతి దాచేవారుంటారు. అక్కడ మాత్రం నిజం చెప్పాలి. ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి డాక్టర్ రాసే ఫోలిక్ ఆమ్లం మాత్రం మానకూడదు. ఈ జబ్బులో స్పష్టమైన పని ఉన్న సప్లిమెంట్ అదే.

పేరూ లేబులూ లేని పొడి వారంలోనే చర్మాన్ని నునుపు చేస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. అలాంటిది హఠాత్తుగా ఆపితే ఒళ్లంతా చీముపొక్కులు లేచే తీవ్రరూపం రావచ్చు. అప్పుడు ఆసుపత్రిలో చేరాల్సిందే.